దండెం తీగ మీద టెస్టర్

రాతలో తప్పులుంటే మన్నించండి, నేను ఐదో తరగతి వరకే చదివాను.

ఈ రోజు నాంపల్లిలో మా వీధి కిరాయి గదులన్నీ తనిఖీ చేయడానికి మున్సిపాలిటీ మేడం వచ్చింది. "కిరాయికి ఉంటున్నామనకు, చుట్టాలమని చెప్పు" అని ఓనరమ్మ నాకు ముందే నేర్పింది. తలవంచుకుని అలాగే చెప్పాను. అయినా మేడం లోపలికొచ్చి, నేను రోజూ తడిబట్టలు ఆరేసే దండెం తీగకు టెస్టర్ ఆనించింది. అది వెలిగింది! పక్కనున్న మోటారు వైరు ఒరుసుకుపోయి తీగకు తగులుతోందట. చెయ్యి జివ్వుమన్నప్పుడల్లా నీరసమనుకున్నాను.

"చుట్టాలను గిట్ల చంపుకుంటరా అమ్మా?" అంది మేడం.

"దూరపు చుట్టాలు మేడం!" అంది ఓనరమ్మ.

సాయంత్రానికి కొత్త వైరు వచ్చింది. ఈ మేడం ఏటా రావాలి. మీ ఇంటికి ఎవరైనా వచ్చి చూశారా? త్వరగా చెప్పండి, ఓనరమ్మ చూసేలోపు ఈ పోస్టు చెరిపేయాలి.