కైలాసకోనలో తప్పిన లెక్క

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, కార్తీకమాసంలో ఒక ఆదివారం, పుత్తూరు వైపు వెళ్లే ఒక్కరోజు యాత్రకు నన్ను ఎస్కార్టుగా వేశారు. తిరుపతిలోని ఒక చిన్న పర్యాటక సంస్థలో నా ఉద్యోగం అదే. డ్రైవరు పక్కన కూర్చుని, ప్రయాణికులకు చూపవలసినవి చూపించి, వేళకు తిరిగి తీసుకురావాలి. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో ట్రిప్ షీటులో రాసి ఉంటుంది. ఆ రోజు షీటులో ఉన్నవి కైలాసకోన జలపాతం, పిచ్చాటూరు దగ్గర ఆరణియార్ జలాశయం, నాగలాపురం గుడి. ఆ షీటు రాసిన మేనేజరు ఆ దారిలో ఒక్కసారైనా వెళ్లినవాడు కాదు.

ప్రయాణికులు పదకొండు మంది, చిత్తూరుకు చెందిన ఒకే కుటుంబం. వాళ్లకు పెద్ద మునిరత్నం మేస్టారు. ఆయన అక్క గంగమ్మగారికి డెబ్బై దాటాయి. వడమాలపేట చేరకముందే టిఫిన్‌కు ఆపమన్నారు. పుత్తూరులో జామకాయలకు దిగారు. కొండ బాగా కనిపించిన ప్రతి మలుపులోనూ ఫోటోలు. ఏసీ పెంచమని వెనక సీటు, తగ్గించమని ముందు సీటు. ఆలస్యమవుతోందని నేనంటే మేస్టారు, "ఉండప్పా, కొండలు యాడికీ పోవు" అన్నారు.

కైలాసకోనలో షీటు ప్రకారం నలభై నిమిషాలు. గంటన్నర అయినా ఒక్కొక్కరే తల తుడుచుకుంటూ వస్తున్నారు. బండి తలుపు వేసేముందు ఎస్కార్టు లోపలికి ఎక్కి, వేలు చూపుతూ తలలు లెక్కపెట్టాలన్నది మా నియమం. ఆసరికి నాకు వాళ్ల ముఖాలు చూడాలనిపించలేదు. ముందు సీట్లోంచే "అందరూ ఎక్కారా?" అని అడిగాను.

"ఎక్కినారప్పా, పోనీ" అన్నారు మేస్టారు.

జలాశయం కట్ట మీద అందరూ కలిసి ఫోటోకు నిలబడుతుండగా మేస్టారు ఇటూ అటూ చూసి, "అక్క యాడ?" అన్నారు. ఆమె ఫోనుకు చేస్తే అది బండిలోనే, ఆమె చేతిసంచిలో మోగింది.

కైలాసకోనకు తిరిగి వెళ్లే దారిలో బండిలో అరుపులే. కోడలు చూసుకుంటుందని గంగమ్మగారి కొడుకు అనుకున్నాడట, కొడుకు పక్కన ఉందని కోడలు అనుకుందట. చివరికి అందరూ నా మీద పడ్డారు. డ్రైవరు ఖాదర్ మాత్రం రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఈసారి మీరు లెక్కపెట్టలేదు సార్" అన్నాడు మెల్లగా. పాచిపట్టిన రాళ్లు, తడి మెట్లు, ఒంటరి ముసలామె. దారంతా నా కళ్లముందు అవే.

గంగమ్మగారు జలపాతం దగ్గరి టీ అంగడి ముందు బల్ల మీద కూర్చుని ఉన్నారు. అంగడామె కప్పిన దుప్పటి భుజాల మీద ఉంది. తడిచీర మార్చుకుని వచ్చేసరికి బండి లేదట. తమ్ముడు దగ్గరికి వెళ్తే ఆమె ముఖం తిప్పుకున్నారు.

"పదకొండు మందిలో నేను లేనని ఒక్కరికీ తెలియలేదా రా? జామకాయల సంచి మాత్రం మరిచిపోకుండా ఎత్తుకోనిపోయినారే!"

నేను క్షమాపణ అడిగాను. "నువ్వు పరాయోడివి నాయనా, నిన్నేమని అనేది" అన్నారు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

నాగలాపురం మానుకుని నేరుగా వెనక్కి వచ్చాం. తిరుపతిలో దిగేటప్పుడు మేస్టారు నన్ను పక్కకు పిలిచి, "మా అక్కే చెప్పకుండా యాడికో పోయిందని రాసుకోప్పా, నీ ఉద్యోగానికి ఇబ్బంది ఉండదు" అన్నారు. నాకు పొద్దుటి నుంచి వచ్చిన విసుగంతా ఒకెత్తు, ఆ మాటకు వచ్చిన కోపం ఒకెత్తు. తలలు లెక్కపెట్టలేదని ఉన్నది ఉన్నట్టు రిపోర్టులో రాశాను. మెమో ఇచ్చారు, నెల రోజులు ఆఫీసులో కూర్చోబెట్టారు.

అందరూ వచ్చారా అని అడిగితే వచ్చినవాళ్లే బదులు చెబుతారు. రానివాళ్ల సంగతి లెక్కపెడితేనే తెలుస్తుంది. విసుగు పుట్టిన రోజున రెండుసార్లు లెక్కపెట్టాలి.