ఆరున్నొక్కటి ముళ్ల పురుగు

మొన్న మా వనపర్తి కాలేజీ ల్యాబులో ఒక విద్యార్థిని రికార్డు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. రొయ్య కాలి బొమ్మ ముద్దుగా వేసింది, పక్కన ముళ్ల లెక్క కూడా రాసింది. "ఇవి నువ్వు నీ కళ్లతో లెక్కపెట్టావా, పక్కమ్మాయి చెప్పిందా?" అని గద్దించాను. ఆ పిల్ల బిత్తరపోయి, పక్కమ్మాయే చెప్పిందని ఒప్పుకుంది. రెండు ముళ్ల కోసం ఈ మేడమ్ ఇంత మండిపడుతుందేమిటని అనుకునే ఉంటుంది. నాకు కోపం ఎక్కువన్నది నిజమే. కానీ ఆ కోపం ఆ పిల్ల మీది కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గద్వాలలో, మా ఇంటి మగ్గం ముందు, నేను చేసిన తప్పు మీది.

అప్పుడు నేను పరిశోధక విద్యార్థినిని. మా సారు ఓడలో పోయి సముద్రం అడుగు నుంచి బురద తీయించి తెచ్చేవారు. ఆ బురదను జల్లెడ పట్టి, అందులో బతికే జీవుల్ని ఏరడం నా పని. సముద్రం మొహమే చూడని పిల్లకు సముద్రం అడుగుతో ఏం పనని మా చుట్టాలంతా నవ్వేవాళ్లు. మూడేళ్లు ఏరగా ఏరగా ఒక జీవి దొరికింది. రొయ్యకు దూరపు చుట్టం. నువ్వుగింజలో సగం ఉంటుంది, కళ్లు లేవు. దానికి బాగా దగ్గరి జీవి ఒకదానికి ఎవరో ఎప్పుడో పేరు పెట్టేశారు. దాని నాలుగో కాలి మీద ఏడు ముళ్లు ఒకే వరుసలో ఉంటాయి. నా దానికి ఆరు ఒక వరుసలో, ఒకటి విడిగా ఉన్నట్టు విరిగిన కాళ్లలో లీలగా కనబడింది. అది నిజమైతే నాది కొత్త జాతి, కాకపోతే మూడేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే. చెక్కుచెదరని కాలు ఒకే ఒక్క గాజుపలక మీద ఉంది. ఇంకో దేశంలో ఇంకెవరో అదే పని మీద ఉన్నారని సారు రోజూ తొందరపెట్టేవారు.

దసరా సెలవులకు ఆ పలకను, కాలేజీలో అడిగి తెచ్చుకున్న మైక్రోస్కోపును పట్టుకుని ఇంటికొచ్చాను. వచ్చిన రెండో రోజే కండ్లకలక తగులుకుంది. రెప్ప తెరిస్తే నీళ్లు, మూస్తే మంట. సారు విదేశంలో సభకు పోయే రోజు దగ్గరపడింది. కాగితాలు హైదరాబాదులో ఆయన చేతికిస్తే, ఆయనే అక్కడి సంపాదకుడికి అందిస్తానన్నారు. అంతా రాయడం అయింది, ఆ ఒక్క లెక్క తప్ప.

మా ఇంట్లో మా మేనత్త ఉండేది. మగ్గం మీద పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతకడం ఆమె పని. వెంట్రుకంత పట్టుపోగులు వందల కొద్దీ అతికే మనిషి, అద్దాలు ఎరగని కళ్లు. కొత్త పురుగుకు ఆమె పేరే పెడతానని ముందే చెప్పి ఉన్నాను. "సముద్రంల నా పేరు మీద పురుగున్నది" అని వీధంతా చాటింపు వేసింది కూడా. ఆ అత్తను మైక్రోస్కోపు ముందు కూచోబెట్టాను. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి చూసి, "ఆరున్నొక్కటి" అంది. నా గుండె ఎగిరి గంతేసింది. మళ్లీ అడగలేదు. కళ్లు నులుముకుంటూ ఆరు, పక్కన విడిగా ఒకటి అని రాసేశాను.

తెల్లారి నల్లద్దాలు పెట్టుకుని, కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. కొత్తకోటలో బస్సు ఆగింది. కిటికీ కింద ఒకామె నా వెనక సీటు ఆయనకు సీతాఫలాలు లెక్కపెట్టి ఇస్తోంది. "నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది..." ఆరున్నొక్కటంటే ఏడే కదా. ఏడు అంటే ఏడుపని, మంచి పనికాడ ఆ మాట నోట రానియ్యరు మా వైపు. మా ఇంట్లో మగ్గం ముందు అసలే అనరు. పుట్టిన్నుంచి విన్న మాటే. హాస్టలు తిండి తిని మరిచానని సర్దుకోవచ్చు, కానీ నిజం అది కాదు. నాకు కావలసింది నా చెవికి వినబడింది.

దిగిపోయాను. టెలిఫోన్ బూతు నుంచి సారుకు ఫోన్ చేసి, లెక్క మళ్లీ చూడాలన్నాను. "సాయంత్రం ఆరుకు నేను వెళ్లిపోతానమ్మా. ఆ తర్వాత వాళ్లదే ముందవుతుంది. ఆలోచించుకో" అన్నారు. రోడ్డుకు ఈ పక్కన హైదరాబాదు బస్సులు, ఆ పక్కన గద్వాల బస్సులు. ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. రోడ్డు దాటి గద్వాల బస్సెక్కి, దారంతా ఆరున్నొక్క రాగం తీస్తూనే ఉన్నాను. కండ్లకలక కదా, ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి అత్త కొత్త పడుగు అతుకుతోంది. "ఏందే కోడలా, పోలేదా? ఏమైంది?" అని లేచింది.

"అత్తా, ఆ ముళ్లు ఎట్లున్నయ్? ఆరు ఒక దిక్కు, ఒకటి దూరంగనా?"

"దూరమెందుకుంటది? అన్నీ పక్కపక్కనే ఉన్నయ్. ఆరున్నొక్కటని చెప్తిని గద!" అని నా మొహం చూసి ఆగిపోయింది. ఎక్కడ తేడా వచ్చిందో ఆమెకే తట్టింది. చేతిలో పోగు వదిలింది. పెళ్లయి వెళ్లిందీ మగ్గమున్న ఇంటికే, తిరిగొచ్చిందీ మగ్గమున్న ఇంటికే. ఒకసారి మగ్గం వైపు చూసి, గొంతు తగ్గించి, "ఏడు, బిడ్డా. ఏడే ఉన్నయ్" అంది. ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదలు.

నేనూ చూశాను. కళ్లు మండుతున్నా, నీళ్లు తుడుచుకుంటూ మూడుసార్లు చూశాను. ఏడూ ఒకే వరుసలో, మగ్గం అచ్చులో దూర్చిన పోగుల్లా ఉన్నాయి. ఇది ముందే పేరున్న జీవి.

"నీ పేరు పోయిందత్తా" అన్నాను ఏడుస్తూ.

"పోతే పోనియ్యే. ఒకల పేరు గుంజుకొని నాకు పెడితే అది పలుకుతదా?" అని నా తల తన ఒళ్లో పెట్టుకుంది. వీధిలో వాళ్లకు ఏం చెప్పుకుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పోయాయనుకున్న ఆ మూడేళ్లు తర్వాత ఇంకో పనిలో ఎట్లాగో పూడ్చుకున్నాను. అత్త పోయి పదేళ్లవుతోంది. ఈ పదేళ్లే పూడడం లేదు.