నలభై మూడో అంతస్తులో గది

సోఫాలు కుట్టే ఆయన దుకాణం వీధి మొదట్లోనే ఉండేది. ముందు గదిలో ఎప్పుడూ రెండు మూడు సోఫాలు చెక్కలూ స్ప్రింగులూ బయటపెట్టుకుని పడి ఉండేవి. వెనక గదిలో ఆయన భార్య మిషను మీద కవర్లు కుట్టేది. ఆ వెనకే వాళ్ళ ఇల్లు. ఎంత చితికిన సోఫా అయినా ఆయన చేతిలో పడితే పెళ్ళికూతురై బయటికొస్తుందని పేరు. ఒక్కటే పేచీ. మేడ మెట్లెక్కేవాడు కాదు. "కిందికి దింపించండి, చేసి పెడతాను" అనేవాడు, మొదటి అంతస్తయినా సరే. మోకాళ్ళ నొప్పులని భార్య సర్దిచెప్పేది. ఆవిడ నిజంగా అలాగే నమ్మింది.

ఆయన వయసులో ఉన్నప్పుడు ఓ ఎడారి నగరంలో ఎత్తైన భవనాల అద్దాలు తుడిచి వచ్చాడు. ఇది వీధిలో అందరికీ తెలుసు. కూతురు బళ్ళో చదివే రోజుల్లో "మా నాన్న మబ్బుల పక్కన నిలబడి పని చేశాడు" అని గొప్పలు పోయేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. అంతకు మించి ఆ ఊరి గురించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. అడిగితే, "ఏముంది, ఇసుక, ఎండ" అనేవాడు.

ఇప్పుడా అమ్మాయి రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. ఒకరోజు సాయంత్రం వస్తూనే చెప్పులు విడవకుండా దుకాణంలోకి వచ్చి, ఫోను తండ్రి ముక్కు దగ్గర పెట్టింది.

"నాన్నా, చూడు. గుర్తుపట్టావా?"

ఫోనులో నీలం అద్దాల భవనం. ఆయన గుర్తుపట్టాడు. కానీ "ఏదో మేడ" అన్నాడు.

"ఏదో మేడేమిటి! హెల్మెట్ పెట్టుకుని దీని ముందే కదా ఫొటో దిగావు. ఇప్పుడిందులో సగం హోటల్ చేశారు. చలికాలంలో నాకు నాలుగు రోజులు సెలవుంది. ముగ్గురం వెళ్తున్నాం. నలభై మూడో అంతస్తులో గది. అప్పట్లో బయట వేలాడి అద్దాలు తుడిచావుగా, ఇప్పుడు లోపల కూర్చుని కాఫీ తాగుతావు!"

వెనక గదిలో మిషను ఆగింది. భార్య చీర మీది దారపు ముక్కలు దులుపుకుంటూ పరుగున వచ్చింది. "నిజమేనటే? ఎడారిలో చలేమిటే, విడ్డూరం కాకపోతే?"

"తెల్లవారుజామున పళ్ళు టకటకా కొట్టుకుంటాయి," అన్నాడాయన. అని, చేతిలో ఉన్న స్టేప్లర్‌ని సోఫా చట్రానికి ఆనించి నొక్కాడు. పిన్ను చెక్కలో కాక బొటనవేలి గోరు పక్కన దిగింది. తల్లీకూతుళ్ళు కెవ్వుమన్నారు. ఆయనకు మాత్రం నొప్పి తెలియడానికి కాసేపు పట్టింది.

ఆ నగరంలో జరిగింది ఇది.

ఇద్దరు నిలబడే ఇనప తొట్టి. పైకప్పు మీది యంత్రం నుంచి రెండు ఉక్కు తాళ్ళు దాన్ని మోసేవి. ఆయనతో పాటు తొట్టిలో ఉండే కుర్రాణ్ణి అందరూ పాటగాడు అనేవాళ్ళు, నోరు మూతపడేది కాదు గనక. చలికాలం మొదట్లో ఒక ఉదయం, ఎండ బాగానే ఉండగా, ఎడారి వైపు నుంచి ఇసుక గాలి లేచింది. తొట్టిని దింపబోతే ఒక తాడు యంత్రంలో బిగుసుకుపోయింది. రెండోది మాత్రం దిగుతూనే ఉంది. తొట్టి ఒరిగింది. సబ్బునీళ్ళ బకెట్టు జారి అంచు దాటింది. అది నేలను తాకిన చప్పుడు పైకి రానే లేదు. పాటగాడి పాట సగం మాట దగ్గర తెగిపోయింది.

నడుములకున్న బెల్టులు ఇద్దర్నీ పట్టి ఉంచాయి. గాలి తొట్టిని గోడకు దూరంగా లాక్కెళ్ళి, మళ్ళీ తెచ్చి అద్దానికేసి కొట్టేది. అద్దం అవతల ఒక గదిలో ఎవరో కుటుంబం టిఫిను తింటోంది. చిన్నపిల్ల ఒకతి వీళ్ళను చూసి చెయ్యి ఊపింది. తల్లి లేచి వచ్చి, భయపడిందో, పిల్ల చూడకూడదనుకుందో, పరదా లాగేసింది. ఆ తర్వాత అద్దంలో ఆయనకు తన మొహమే కనిపించింది. ఆ మొహాన్ని ఆయన ఇప్పటికీ గడ్డం గీసుకునేటప్పుడు సరిగ్గా చూసుకోడు.

చివరికి పై అంతస్తులో ఒక అద్దం ఊడదీసి ఇద్దర్నీ లోపలికి లాగారు. ఒకరోజు సెలవిచ్చారు. మర్నాడు మళ్ళీ తొట్టెక్కించారు. ఒప్పందం గడువు తీరేదాకా ప్రతి ఉదయం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎక్కాడు. ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. వచ్చిన రోజున భార్య ఒళ్ళంతా తడిమి చూసి "క్షేమంగా వచ్చారు, అదే పదివేలు" అంది. ఇక చెప్పడానికేముంది అనుకున్నాడు.

ఇప్పుడు కూతురి ప్రేమే మెడకు చుట్టుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వద్దంటే ఎందుకో చెప్పాలి. సరేనంటే ఆ అద్దం ముందుకు వెళ్ళాలి.

వద్దనకుండానే వద్దనిపించాలని చూశాడు. చలికాలంలోనే గిరాకీ ఉంటుందన్నాడు. "ఏ చలికాలం? పోయినేడు ఆ రోజుల్లో ఈగలు తోలుకున్నాం కదా" అంది భార్య. మోకాళ్ళన్నాడు. "లిఫ్టుంది నాన్నా, నువ్వు మెట్లెక్కక్కర్లేదు" అంది కూతురు. విమానంలో చెవులు నొప్పెడతాయన్నాడు. కూతురు దూది పొట్లం తెచ్చి పెట్టింది. రోజూ భోజనాల దగ్గర అదే మాట. ఒంటెనెక్కాలా వద్దా, ఇసుక దిబ్బల మీదికి ఏ పూట వెళ్ళాలి, స్వెట్టర్లు ఎన్ని సర్దాలి. ఒకరోజు కూతురు గది ఫొటో చూపించింది. గోడంతా అద్దమే. అద్దానికి ఆనుకునే స్నానపు తొట్టి.

"సిగ్గులేకపోతే సరి, అక్కడ స్నానమేమిటే! ఎవరైనా చూస్తే?" అంది భార్య.

"నలభై మూడో అంతస్తులో ఎవరు చూస్తారమ్మా? పక్షులా?"

తల్లీకూతుళ్ళు పడీపడీ నవ్వారు. ఆయన ముద్ద మింగలేక కంచం ముందు నుంచి లేచాడు. పెరట్లో గోడ పట్టుకుని, కాళ్ళ కింద నేల ఉందో లేదో అన్నట్టు పాదం నొక్కి చూసుకున్నాడు.

మర్నాడు దుకాణంలో ఎవరూ లేనప్పుడు పాటగాడికి ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళుగా ఇద్దరూ అప్పుడప్పుడు మాట్లాడుకుంటూనే ఉన్నారు. పిల్లలు, ఆరోగ్యాలు, వానలు. ఆ ఒక్క ఉదయం ఊసు మాత్రం ఎప్పుడూ రాలేదు.

"తమ్ముడూ, ఒకటి అడుగుతాను. నవ్వకూడదు."

"అడుగన్నా."

"నీకు ఆ గాలి ఇంకా గుర్తొస్తుందా?"

ఫోను కట్ అయిందేమోనని చూసుకున్నాడు.

"బాల్కనీలో బట్టలు తియ్యమంటే నా వల్ల కాదన్నా," అన్నాడు పాటగాడు మెల్లగా. "ఓసారి వెళ్ళి ఊచలు పట్టుకుని కదల్లేకపోయాను. పిల్లలు నాన్న రాయైపోయాడని నవ్వారు. నేనూ నవ్వాను."

"పాడుతున్నావా మరి?"

"ఆ, స్నానాల గదిలో. తలుపేసుకుని. మా ఆవిడ బయట్నించి బాదుతుంది, ఇక చాలు బయటికి రమ్మని."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయన ప్రయాణం సంగతి చెప్పాడు. పాటగాడు నవ్వు ఆపేశాడు.

"వెళ్ళమనీ అనను, మానమనీ అనను. ఇంట్లో చెప్పన్నా. మా ఆవిడకు చెప్పాకే నాకు కాస్త నిద్ర పట్టింది."

సరేనన్నాడు గానీ చెప్పలేదు. ఆ సాయంత్రం నోరు తెరిచాడు. భార్య కొత్త స్వెట్టర్ వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతోంది. తేలు కుట్టిన దొంగలా గమ్మున పడుకున్నాడు.

చెప్పకుండా దాటేద్దామనుకున్నది ఒక సోఫా వల్ల బయటపడింది. ఒక డాక్టరమ్మ ఎనిమిదో అంతస్తులో ఉంటుంది. ఆవిడ సోఫా గోడ పొడుగునా ఒకే ముక్క. లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపు తిరగదు. ఆయన లేని సమయంలో భార్య ఫోనెత్తి, "వస్తామండీ, దానికేం" అని మాటిచ్చేసింది. ఆయన వినగానే మొహం పాలిపోయింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే పరువు పోతుందని భార్య పట్టుబట్టింది. తనూ తోడు బయల్దేరింది.

లిఫ్టులో కళ్ళు మూసుకున్నాడు. గదిలోకి వెళ్ళి చూస్తే, సోఫా సరిగ్గా పెద్ద కిటికీ పక్కన ఉంది. దాని వైపు చూడకుండా నేల మీద కూర్చుని, సోఫా వెనక్కి దూరి, అడుగు గుడ్డ విప్పడం మొదలుపెట్టాడు. చెయ్యి పనిలో పడితే కాస్త ధైర్యం వచ్చింది. ఇంతలో అద్దం మీద నీడ పడింది. బయట, రంగులు వేసేవాళ్ళ తొట్టి పైనుంచి దిగుతోంది. గాలికి ఒక్కసారి ఊగి, అంచు గోడకు తగిలి ఠంగుమంది.

భార్య కొలత టేపు కోసం పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. వంగి చూస్తే సోఫాకూ గోడకూ మధ్య సందులో మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడి ఉన్నాడు. రెండు చేతులతోనూ సోఫా కాలు పట్టుకున్నాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"ఏమండీ! ఏమైందండీ? గుండె నొప్పా? అమ్మగారూ, ఒకసారి రండి!"

డాక్టరమ్మ నాడి పట్టి చూసింది. గుండె కాదని, భయమని చెప్పింది. పరదాలు వేసి, వాళ్ళిద్దర్నీ వదిలి పక్క గదిలోకి వెళ్ళింది. పరదా రింగులు జర్రున జరిగిన చప్పుడుకు ఆయన ఇంకా ముడుచుకుపోయాడు. భార్య నేల మీద చతికిలబడి, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే సోఫా కాలి నుంచి విడదీసింది. అక్కడే, ఆ సందులోనే, జరిగిందంతా చెప్పాడు.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు. కోపమొచ్చింది.

"ఇన్నేళ్ళు నా పక్కన పడుకుని ఇంత భయాన్ని ఒక్కళ్ళే మోశారా? నేనెవర్ని మీకు? వీధిన పోయేదాన్నా? మోకాళ్ళని చెప్పి ఎన్ని నూనెలు రాయించుకున్నారు నా చేత!"

"నూనెకు హాయిగానే ఉండేదే," అన్నాడాయన నీరసంగా.

ఆవిడకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఇంటికెళ్ళాక కూతురికి చెప్పారు. ఆ పిల్ల కుప్పకూలిపోయింది. "నిన్ను సంతోషపెడదామని మళ్ళీ అక్కడికే ఈడ్చుకెళ్ళబోయానా నాన్నా? వద్దు, మానేద్దాం" అంది. ఆయనకూ అదే కావాలి. హమ్మయ్య అని ఊపిరి పీల్చుకోబోతుండగా భార్య మాట్లాడింది.

"మీరక్కడున్నన్నాళ్ళూ ఆ ఊరు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కూర్చున్నాను నేను. మీరు ఏ రోడ్డు మీద నడుస్తున్నారో, ఏ ఎండలో నిలబడ్డారో తెలీక. నాకది చూడాలని ఉందండీ. మేడలక్కర్లేదు. నేల మీదే చూపించండి."

ఆవిడ ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు. ఆయన కాదనలేకపోయాడు. కూతురు నలభై మూడో అంతస్తు గది రద్దు చేసి, పాతబజారు పక్కన చిన్న హోటల్లో కింది గది తీసుకుంది. భయం మాత్రం రద్దవలేదు. బయల్దేరే రోజు దగ్గరపడే కొద్దీ ఆయనకు అన్నం సహించలేదు. విమానంలో భార్య మణికట్టును ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే దిగేసరికి అది కమిలిపోయింది.

మూడో రోజు ఉదయం, ఆయనే అన్నాడు. "ఇంత దూరం వచ్చి ఆ భవనం చూడకపోతే ఎలా? మీరిద్దరూ పైకెళ్ళి చూసి రండి. నేను కింద కూర్చుంటాను."

వాళ్ళు లిఫ్టులోకి వెళ్ళి తలుపులు మూసుకోగానే, ఎందుకు పంపానురా భగవంతుడా అనుకున్నాడు. ఇంతకాలం ఆయన భయంలో తనొక్కడే పడిపోతూ కనిపించేవాడు. ఇప్పుడు వాళ్ళిద్దరూ పడిపోవడం కనిపించింది. కింది హాల్లో మెత్తటి సోఫా ఉంది. అలవాటు కొద్దీ అంచు కుట్టు వేలితో తడిమి చూశాడు. కుట్లు వంకర. ఆ సంగతి కూడా మనసుకు పట్టలేదు. కూతురికి ఫోన్ చేశాడు. కలవలేదు. మళ్ళీ చేశాడు. లేచి లిఫ్టు దగ్గరికి వెళ్ళాడు, బొత్తాం మీద వేలు పెట్టాడు, నొక్కలేకపోయాడు. బయట గాలి ఉందేమోనని వీధిలోకి పరుగెత్తాడు. గాలి లేదు. దట్టంగా పొగమంచు. భవనం నాలుగైదు అంతస్తుల పైన ఏమీ కనపడటం లేదు. అది ఇంకా దడ పుట్టించింది. మళ్ళీ లోపలికి వచ్చాడు. కాపలా మనిషి అనుమానంగా చూశాడు. నీళ్ళు కావాలా అని సైగ చేశాడు. ఆయన తల అడ్డంగా ఊపి లిఫ్టు తలుపులకు ఎదురుగా నిలబడిపోయాడు.

తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో దంపతులు. మళ్ళీ తెరుచుకున్నాయి. ఈసారి వాళ్ళిద్దరూ. భార్య ఒక చేత్తో కూతుర్నీ, ఇంకో చేత్తో గోడనీ పట్టుకుని నడుస్తోంది.

"ఏం కనపడింది?" అడిగాడాయన.

"నా శ్రాద్ధం కనపడింది," అంది ఆవిడ. "అంతా మంచే. పాలలో ముంచినట్టు. ఏమీ కనపడకపోయినా ఎంత ఎత్తులో ఉన్నానో కాళ్ళకు తెలిసిపోయిందండీ. అద్దం దగ్గరికి పోలేకపోయాను. ఇది మాత్రం వెళ్ళి నుదురు ఆనించి నిలబడింది. జుట్టు పట్టుకుని వెనక్కి లాగాను."

"నిజంగానే లాగింది నాన్నా, చూడు" అంటూ కూతురు చెదిరిన జడ చూపించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ముగ్గురూ బయటికి వచ్చి రోడ్డు పక్కన అరుగు మీద కూర్చున్నారు. మంచులోంచి కార్లు దీపాలు వేసుకుని పోతున్నాయి. ఆయన చేతులు ఇంకా వణుకుతున్నాయి. జేబుల్లో పెట్టుకోబోయి మానేసి, ఒళ్ళో అలాగే ఉంచుకున్నాడు. కాసేపటికి వాళ్ళకు కాఫీ తెద్దామని లేచాడు. భార్య ఆయన చొక్కా అంచు పట్టి లాగింది.

"కూర్చోండి. ఈ వణికే చేతుల్తో తెస్తే సగం రోడ్డే తాగుతుంది. అమ్మాయి తెస్తుంది."

ఆయన కూర్చున్నాడు.