సారయ్య మక్కచేనూ, పోలండ్ ఫౌజూ

పోలండ్ ఓడిపోయిందని నేటికీ బాధపడే మనిషి మేడిపల్లిలో ఒక్కడే ఉన్నాడు. మా పక్కింటి సారయ్య. సైన్యంలో వంటశాలలో పనిచేసి, పింఛనుతో ఇంటికొచ్చి మక్కచేను వేసుకున్నాడు. యుద్ధం చూడలేదన్న లోటును ఫోన్లో వీడియోలతో తీర్చుకుంటాడు.

"హిట్లర్ పోలండ్ మీద వడేటందుకు తయారుండంగ పోలండోళ్ళు ఫౌజును పిలిచిండ్రు తమ్మీ," అని చాయ్ చల్లారబెట్టుకుంటూ నాకు చెబుతాడు. "ఇంగ్లండోళ్ళు, ఫ్రాన్సోళ్ళు గిప్పుడే వద్దన్నరు. పిలుపు వాపస్ తీసుకున్నరు. తెల్లారి మల్ల పిలిచిండ్రు. ఎంతమందో ఇంకా రైళ్ళల్లనే ఉన్నరు, ఆడ బాంబులు వడ్డయ్!"

"ముందుగాల పిలిస్తే గెలుస్తుండెనా అన్నా?"

"గెలుసుడు కాదు. ఇంకొన్ని దినాలు నిలవడుతుండె. గా దినాల్ల ఏమన్న కావచ్చు."

పోయినేడాది కోతుల మంద చేనులో దిగాక మేం కర్రలు పట్టుకుని ఉరికాం. అప్పటికే అవి కడుపు నిండి చెట్ల మీద కునుకు తీస్తున్నాయి. సారయ్యకు గింజల్లేని బెండ్లే మిగిలాయి. అందుకే ఈసారి కంకుల్లో పాలు పడగానే మా వాడకట్టు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు, "రేపటి సంది తెల్లారకముందే చేనుకాడికి రాండ్రి" అని.

వెళ్ళాం. కోతులు రాలేదు. మా వైపు చేను కావలికి వచ్చినవాళ్ళు కంకులు కాల్చుకుంటే వద్దనే ఆనవాయితీ లేదు. ఆ సంగతి సారయ్య లెక్కలోకి రాలేదు. రోజూ వెళ్ళాం, రోజూ కాల్చాం. గట్టు పక్క సాళ్ళు బోసిపోయాయి. అందులో నా పళ్ళ శ్రమ కూడా ఉంది.

"కోతులే నయం," అంది సారయ్య భార్య మల్లవ్వ. "ఉప్పు కారం అడగయి."

సారయ్య ముఖం మాడిపోయింది. ఈ ఏడూ చేను పోయినట్టే అనుకుని ఫోన్ తీసి, "ఇగ ఎవ్వరు రావద్దు" అని కొట్టబోయాడు. మల్లవ్వ ఫోన్ గుంజుకుంది.

"పిలిచినోళ్ళను వాపస్ పంపిండ్రని ఊరంత లొల్లి వెట్టినవ్. నువ్వు గూడ గదే చేస్తవా?"

"మరి చేనంత తింటుండ్రు గదనే!"

"ఎవల సద్ది ఆళ్ళే తెచ్చుకొమ్మని రాయి."

మర్నాడు సద్ది డబ్బాలతో గట్టు మీద కూర్చున్నామో లేదో, కోతుల మంద రోడ్డు మీదికి వచ్చింది. అందరం లేచి డబ్బాలు వాయించి, గొంతులు చించుకున్నాం. కోతులు రోడ్డు దగ్గరే ఆగి, మమ్మల్ని ఎగాదిగా చూసి, వెనక్కి మళ్ళాయి. ఒక్క కోతి మాత్రం గట్టు దాకా ఉరికొచ్చి, మాలో తిరుపతి అనేవాడి సద్దిని మూతతో సహా ఎత్తుకుపోయింది. చేను దక్కింది.

"చూసినవా? పోలండోళ్ళు గూడ గిట్ల ముందుగాల..." అని సారయ్య ఛాతీ విరుచుకున్నాడు.

"గా ఫౌజుకు సద్ది ఎవలు కట్టిండ్రో గది చూడు ఫోన్ల," అంది మల్లవ్వ.

వంటశాల మనిషి కదా, ఆ మాట సారయ్య మనసుకు బాగా పట్టింది. ఆ సద్ది కట్టినవాళ్ళ వీడియో కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.