లీల లైసెన్సు కోసం రెండు ప్రయాణాలు

ఢిల్లీలో మెట్రో ఇంకా మా వసంత్ కుంజ్ వైపు రాని రోజులవి. మా ఇంటి నుంచి రవాణా ఆఫీసుకు వెళ్ళాలంటే రెండు బస్సులు ఎక్కాలి. వారం తేడాతో ఆ దారిన రెండుసార్లు వెళ్ళివచ్చాను, రెండుసార్లూ లీల కోసమే. బయటి దేశాల నుంచి వచ్చి ఢిల్లీలో చదువుకుంటూ డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవాలనుకునే పిల్లలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటుంది. అది దాచిపెట్టి మిగతాది చెప్పడం బాగుండదు.

లీల మారిషస్ అమ్మాయి. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతూ మా ఇంట్లో ఒక గదిలో అద్దెకుండేది. వాళ్ళ ముత్తాత ఎప్పుడో విశాఖ వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కాడట. ఇంట్లో వాళ్ళది క్రియోల్ భాష, తెలుగు బడిలో నేర్చుకుంది. అందుకే ఆమె మాట్లాడితే పాఠ్యపుస్తకం చదివినట్టుంటుంది. ఇక్కడ పుట్టిన మన పిల్లలందరూ నన్ను అంకుల్ అంటే ఈమె ఒక్కతే బాబాయి గారూ అనేది.

నా భార్య రాహేలు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పొద్దున డ్యూటీ అయితే ఆరింటికల్లా బయల్దేరాలి. చలికాలం పొగమంచులో ఆ వేళకు ఆటో దొరకదు. మాకు పాత మారుతి ఉంది కానీ, కంటి ఆపరేషన్ తర్వాత డాక్టరు నన్ను నడపొద్దన్నాడు. జనవరిలో ఒకరోజు బస్టాపుకు నడుస్తూ రాహేలు జారిపడి మోకాలు దోక్కుపోయి ఇంటికి తిరిగొచ్చింది. దెబ్బ తుడుస్తూ లీల అంది: "కారు నేను నడుపుతాను పిన్ని గారూ. మా నాన్నగారి వ్యానులో కొంత అభ్యాసం చేసియున్నాను."

కాగితాలకే పది రోజులు పట్టింది. పాస్‌పోర్టు, వీసా, విదేశీయుల నమోదు ఆఫీసులో ఇచ్చే నివాస పర్మిట్, యూనివర్సిటీ ఉత్తరం, అద్దె ఒప్పందం, డాక్టరు సంతకం చేసిన ఫారం, ఫోటోలు. అన్నిటికీ రెండేసి జిరాక్సులు తీయించుకోండి. పర్మిట్ మీదా అద్దె ఒప్పందం మీదా చిరునామా ఒక్కలాగే ఉండాలి. మాకు ఫ్లాటు నంబరులో తేడా వచ్చి నాలుగు రోజులు పోయాయి.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ముందుగా రాయాల్సిన లెర్నర్స్ లైసెన్సు పరీక్ష కోసం, ఏడూ నలభైకి బ్లూలైన్ బస్సెక్కాం. పక్కన పనిముట్ల సంచీతో కూర్చున్న వడ్రంగి మా చేతిలో ఫైలు చూసి, "లైసెన్స్? తొమ్మిదింటి లోపల చేరండి భాయ్‌సాబ్, తర్వాత లైను రోడ్డు మీదికొస్తుంది" అని హిందీలో చెప్పాడు. ఎనిమిదీ యాభైకి చేరాం. లైను అప్పటికే గేటు దాటింది.

గేటు దగ్గర మఫ్లరు చుట్టుకున్న దళారీ ఒకడు వెంటపడ్డాడు. "ఫారిన్ స్టూడెంట్? టెస్ట్ కీ టెన్షన్ మత్ లో." అక్కర్లేదని కాస్త గట్టిగానే చెప్పి పంపాను. పరీక్ష లేకుండా చేయిస్తానంటున్నాడని లీలకు వివరిస్తే, "అది ఎట్లు కుదురును?" అంది. ఆ క్షణాన నా మీద నాకే గౌరవం కలిగింది.

ఫారం ఒక కిటికీలో, రుసుము ఇంకో కిటికీలో. పరీక్ష గదిలోకి పిలిచేసరికి పన్నెండు కావస్తోంది. ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి, మర్యాదస్తుడు. గోడ మీద గుర్తుల పటాన్ని బెత్తంతో చూపిస్తూ అడగసాగాడు. ఫ్రెంచి యాసలో లీల చెప్పే ఇంగ్లీషు ఆయనకు అందలేదు. రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుని నా వైపు తిరిగి, "ఆప్ హిందీ మే బతాయియే" అన్నాడు. అప్పటి నుంచి లీల నాకు తెలుగులో చెప్పడం, నేను ఆయనకు హిందీలో చెప్పడం.

అప్పటికి తప్పులు మూడయ్యాయి. ఇంకొకటి తప్పితే ఫెయిలే. బెత్తం నీలం వృత్తంలో ఉన్న హారన్ బొమ్మ మీద ఆగింది. "ఇచ్చట హారన్ మోగించరాదు" అంది లీల. అది తప్పు. ఎర్ర గీత ఉంటేనే మోగించకూడదు, నీలం అయితే మోగించి తీరాలి. నాకు రాహేలు మోకాలు గుర్తొచ్చింది. "హారన్ బజానా జరూరీ హై" అన్నాను, మోగించి తీరాలని ఆమే చెప్పినట్టు.

"ఠీక్ హై," అని ఆయన పాస్ రాశాడు. కాగితం మూడింటికి ఇస్తారన్నారు.

బయట బండి దగ్గర ఛోలే కుల్చే, అంటే శనగల కూరా రొట్టే, తీసుకున్నాం. లీల దొన్నె ముట్టలేదు.

"బాబాయి గారూ, నేను మోగించరాదు అన్నాను. మీరు వేరే చెప్పారు. హిందీ నాకు మాట్లాడరాదు గానీ అర్థమగును."

"ఒక్క గుర్తే కదమ్మా. ఇంటికెళ్ళి చదువుకుందువుగాని."

"పిన్ని గారు నా పక్కన కూర్చుంటారు. నాకు తెలియని సంగతి తెలుసునని కాగితం మీద ఉండకూడదు."

నా దొన్నె పక్కన పెట్టేశాను. అరవై ఏళ్ళకు దగ్గరపడిన వాణ్ణి, ఇరవై మూడేళ్ళ పిల్ల ముందు తల ఎత్తలేకపోయాను. "పద," అని నేనే ముందు లేచాను.

ఇన్‌స్పెక్టరు టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాడు. తప్పు నాదేనని చెప్పి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నన్నూ లీలనూ మార్చి మార్చి చూసి, రాసిన పాస్ మీద గీత కొట్టి వారం తర్వాతి తేదీ వేశాడు. "అగ్లీ బార్ ఆప్ బాహర్ బైఠియేగా," అన్నాడు మెల్లగా. బయట కూర్చోమన్న ఆ మాట మందలింపు కంటే గట్టిగా తగిలింది.

ఇంటికొచ్చాక రాహేలుతో మాత్రం, "రష్‌గా ఉంది, వచ్చే వారం రమ్మన్నారు" అన్నాను. లీల ఫైలు తీసుకుని తన గదిలోకి వెళ్ళింది. ఆ వారమంతా లీలా రాహేలూ వంటింట్లో కూరగాయలు తరుగుతూ గుర్తులకు హిందీ మాటలు వల్లెవేశారు. ఆ మాటలు వినపడకుండా నేను పేపరు పట్టుకుని బాల్కనీలో కూర్చునేవాణ్ణి.

మళ్ళీ మంగళవారం అదే బస్సు. ఈసారి బల్ల మీద బయటే కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు తలుపు తీసుకుని ఇన్‌స్పెక్టరే వచ్చాడు. "ఖుద్ బోలీ. ఏక్ గలత్, బస్," అన్నాడు. ఒక్కటే తప్పింది, జవాబులన్నీ తనే చెప్పింది. ఆయన వెనక లీల నవ్వాపుకుంటూ నిలబడింది.

లెర్నర్స్ కాగితం చేతికొచ్చి మేం తిరుగు బస్సెక్కేసరికి రెండు దాటింది. దారిలో, ఆసుపత్రికి దగ్గరి మునీర్కా స్టాపులో, రాహేలు డ్యూటీ దిగి అదే బస్సెక్కింది. కూర్చోవడానికి చోటు లేదు. ముగ్గురం కమ్మీలు పట్టుకుని నిలబడ్డాం. ఇంటిదాకా ఆగితే మళ్ళీ దాటవేస్తానని నాకు తెలుసు. అక్కడే, ఆ రద్దీలోనే, పోయిన వారం జరిగిందంతా ఆమెకు చెప్పేశాను.

రాహేలు కమ్మీ మీద చేయి మార్చుకుని నా వైపు తిరిగింది.

"ఎక్కాల్సింది నేను, నడపాల్సింది పిల్ల. మధ్యలో మీకెందుకండీ అంత తొందర?"

"నీ మోకాలు గుర్తొచ్చింది."

"మోకాలు మానిపోయింది." ఆమె గొంతులో కోపం లేదు. లీల చేతిలోని కాగితం తీసుకుని, బస్సు ఊగుతున్నా పేరు దగ్గర్నుంచి చిరునామా దాకా మొత్తం చదివింది.

నెల తర్వాత అసలు లైసెన్సు పరీక్షకు లీల ఒక్కతే వెళ్ళి పాసై వచ్చింది. ఆ దారి నాకు నేర్పింది కాగితాల సంగతి కాదు. ఇరవై ఏడేళ్ళు ఆఫీసులో పక్కవాళ్ళ కాగితాల్లో తప్పులు పట్టిన నాకు, సొంత తప్పు ఒప్పుకోవడానికి రెండు ప్రయాణాలు కావలసివచ్చింది. బస్సులో రాహేలుకు అంతా చెప్పేసిన ఆ రోజు, వసంత్ కుంజ్ మలుపు దగ్గర సీటు ఖాళీ అయితే లీల నన్ను కూర్చోమంది. నేను రాహేలును కూర్చోమన్నాను. ఆమె కూర్చుని, నా సంచీ అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.