పన్నెండు మంది, మూడు రోజులు

ఆ కాలం గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. గడీల గురించి రాశారు, వెట్టి గురించి రాశారు, నిజాం పాలన ఎట్లా ముగిసిందో రాశారు. దొరికినవన్నీ చదివాను. కానీ ఒక పశువుల కొట్టం లేవడానికి ఎంతమంది చేతులు కావాలో, ఆ చేతులకు ఏమిచ్చి రుణం తీర్చుకునేవాళ్ళో నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. కిందటి ఎండాకాలం మా పెద్దవాడు రేకుల షెడ్డు వేయించాడు. సిమెంటుకు ఇంత, రేకులకు ఇంత, కూలికి ఇంత అని ఒక చీటీ రాసి చూపించి, "మీ కొట్టానికి కూలి ఎంతైంది బాపూ?" అని అడిగాడు. మా కొట్టం కూలి రూపాయల్లో లేదు. అది తెలిసినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి, ఓపిక ఉండగానే రాసి పెడుతున్నాను.

మా ఊరి నుంచి తిరుమలగిరి అంగడికి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. మాకు ఏడెకరాల ఎర్రచెలక ఉండేది. బయట దేశాల్లో యుద్ధం నడుస్తున్న రోజులవి. ఒక వానాకాలం మా పాత కొట్టం కూలిపోయింది. ఎడ్లు రెండూ బురదలోనే నిలబడి నానాయి. ఒకదానికి గిట్టలు కుళ్ళి, నెల తిరగకముందే చచ్చిపోయింది. అమ్మ తన వెండి కడియాలు తీసి ఇచ్చింది. వాటితో అంగడిలో ఇంకొక ఎద్దును తెచ్చి జత కలిపాం. అమ్మడానికి ఇంట్లో ఇంకేమీ లేదు. ఈ జత పోతే సేద్యం పోయినట్టే. సేద్యం పోయినవాళ్ళ కొడుకులు ఎక్కడికి పోతారో మా ఊళ్ళో అందరికీ తెలుసు. గడిలో, అంటే దొర ఇంట్లో, జీతానికి కుదురుతారు. ఒకసారి కుదిరినవాడు మళ్ళీ బయటికి రావడం నేను చూడలేదు. అందుకని వచ్చే వానలలోపు కొట్టం లేవాలి.

చలికాలంలోనే మా బాపు తుమ్మ గుంజలు, వేప గుంజలు కొట్టి ఇంటి వెనక పేర్చాడు. చివరి గుంజ కొడుతుండగా గొడ్డలి జారి పాదం తెగింది. పుండు ఎండాకాలం వచ్చినా మానలేదు. దాంతో మనుషులను పిలిచే పని, ఏ రోజు ఏం చేయాలో చూసే పని నా మీద పడ్డాయి.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివి మానేశాను. తెలుగు చదవడం నాకు నేనే నేర్చుకున్నాను. అంగడికి వెళ్ళినప్పుడల్లా అక్కడి గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. అది ఒక దుకాణం మీది గది, రెండు బల్లలు, ఒక బీరువా, వాటిని చూసుకునే ఒక పెద్దమనిషి. ఆ బీరువాలోని పుస్తకాలన్నీ వరసగా చదువుతున్న మనిషిని మా చుట్టుపక్కల ఊళ్ళల్లో నేనొక్కణ్ణే. ఆ గర్వం నాకు ఉండేది. ఇప్పుడు కూడా లేదని చెప్పను. ఆ ఏడు నా చేతికి ఒక లెక్కల పుస్తకం వచ్చింది. అందులో కాలము, పని అని ఒక అధ్యాయం. నలుగురు తొమ్మిది రోజులలో చేసే పనిని పన్నెండు మంది ఎన్ని రోజులలో చేస్తారు? మూడు. ఇంత సుళువైన సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదే అనుకున్నాను.

మా ఊళ్ళో ఇటువంటి పనులకు బదులు అని ఒక పద్ధతి ఉండేది. నా పనికి నువ్వు ఒక రోజు వస్తావు, నీ పనికి నేను ఒక రోజు వస్తాను. డబ్బు ఊసు లేదు. ఎడ్ల జతతో పోతే రెండు రోజుల కింద లెక్క. ఆడమనిషి రెండు రోజులు పోతే మగవాడి ఒక రోజు తీరేది. అది న్యాయమా అని ఎవరూ అడిగేవారు కాదు. బాపు అయితే ఎండాకాలమంతా ఇద్దరిని, ముగ్గురిని పిలుచుకుంటూ, మధ్యలో వాళ్ళ పెంటబండ్లకు, బావి పూడికకు తాను పోతూ, మెల్లగా చేసేవాడు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను.

"మూడు దినాలల్ల అయిపోతది బాపూ. పన్నెండు మందిని పిలుస్త. నలుగురైతే తొమ్మిది దినాలు. రెండింటికి లెక్క ఒక్కటే."

బాపు పాదం కట్టు విప్పుకుంటూ కాగితం వైపు చూశాడు. ఆయనకు చదవడం రాదు.

"పన్నెండు మందిని పిలుసుడు సులువే," అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని నిలబడ్డాను. అనలేదు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను. అమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచే, "పన్నెండు మందికి గటక వండేదెవ్వరు? అది రాసినవా కాయిదంల?" అంది. రాయలేదు.

పన్నెండు మందిలో నేనొకణ్ణి. బదులుకు తొమ్మిది ఇళ్ళ నుంచి తొమ్మిది మంది. మిగిలిన ఇద్దరు ఊరి కింది వాడ నుంచి వచ్చిన అన్నదమ్ములు. వాళ్ళకు గుంట భూమి లేదు, కాబట్టి బదులుతో వాళ్ళకు పని లేదు. రోజుకు అడ్డెడు జొన్నలు కొలిచి ఇవ్వాలి. గుంజలు పాతడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. ఇక వడ్రంగం చేసే వడ్లాయనకు ఏటేటా కల్లంలో గింజలు ముడతాయి, ఆయనకు వేరే కూలి లేదు. నడిమి గుంజ నిలబెట్టిన రోజు ఒక తువ్వాల పెడితే చాలు. కప్పుకు తాటికమ్మలు కల్లు గీసే గౌండ్లాయన కోసి ఇచ్చాడు. రోహిణి కార్తె చివర మూడు రోజులు పెట్టుకున్నాను.

మొదటి రోజు గుంతలు తవ్వాం. గుంజల అడుగులు మంటలో కాల్చి నల్లగా చేస్తుంటే, నేను వడ్లాయనతో, గుంజ పొడుగులో మూడో వంతు భూమిలో ఉండాలని ఒక పుస్తకంలో చదివానని చెప్పాను. ఆయన తన మూరతో కొలుచుకుంటూనే ఉన్నాడు.

"మీ బుక్కుల గుంజకు చెదలు గూడ పట్టయేమో," అన్నాడు. "దీనికి పడ్తయి. మంచిగ తిప్పి కాల్పు."

సాయంత్రం జొన్నలు కొలిపించుకుంటూ అన్నదమ్ముల్లో పెద్దాయన, "రేపు ఆయితారం పటేలా, మేం రాము. గుడికి పోయేదుంది," అన్నాడు. ఆ మధ్యనే వాళ్ళు క్రైస్తవంలో కలిశారు. ఆదివారం సంగతి నా లెక్కలో లేదు.

మరునాడు పొద్దున గడి మనిషి వచ్చాడు. గుంజల మధ్య తిరిగి, ముగ్గురిని వేలితో చూపించాడు.

"పెండ్లి పందిరున్నది. నడువుండ్రి."

వాళ్ళు చేతుల్లో మన్ను దులుపుకుని వెళ్ళారు. ఎవరూ ఏమీ అడగలేదు, నేను కూడా అడగలేదు. మిగిలినవాళ్ళం ఆ పూట ఉత్తగా కూర్చున్నాం, పక్క దూలం లేపడానికి ఏడుగురు చాలరు. నేను పుస్తకంలో చేసిన లెక్కల్లో ఎక్కడా గడి మనిషి రాలేదు. మూడు రోజుల పని అయిదు రోజులైంది.

సోమవారం పెద్దాయన, నేను నడిమి గుంజకు గుంత తవ్వుతున్నాం. దాన్ని నిట్టాడు అంటారు, కప్పు బరువంతా దాని మీదే ఉంటుంది. నడుములోతు గుంతలో ఉండి ఆయన అడిగాడు.

"మాది ఏనాటిది ఆనాడే తెగిపాయె పటేలా. గీ తొమ్మిదిమందిది ఎన్నడు తెంపుతవ్?"

"వానలు పడ్డంక," అన్నాను.

ఆయన గడ్డపార ఆపి ఒకసారి ఆకాశం వైపు చూశాడు. "గట్లనా," అని మళ్ళీ తవ్వసాగాడు.

మృగశిరకు రెండు రోజుల ముందు కప్పు అయిపోయింది. ఒక పక్క ఎడ్లకు, ఒక పక్క జొన్నచొప్ప పేర్చుకోవడానికి. ఎడ్లను లోపల కట్టేశాం. మూడో నాటికి వాన పడింది, దంచి కొట్టింది. ఎడ్ల మీద ఒక్క చుక్క పడలేదు. ఆ రాత్రి పడుకున్నట్టు నేను ఆ ఏడు ఇంకెప్పుడూ పడుకోనని నాకు తెలియదు.

పొద్దున తలుపు తీసేసరికి అరుగు మీద బదులుకు వచ్చినవాళ్ళు నలుగురు కూర్చున్నారు. మధ్యలో మా చిన్నాయన, అంటే బాపు చిన్నాన్న కొడుకు. పక్కన వరసకు మామ అయ్యేవాడు, ఇంకా ఇద్దరు.

"గొర్రు గట్టు కొడుకా, ఎడ్లతోటి రా," అన్నాడు చిన్నాయన. "పదును మస్తున్నది."

"నాకు గూడ ఇయ్యాల్నే గావాలె అల్లుడా," అన్నాడు మామ. "నా చెలక సగం మొరుసు. రేపటికి ఆరిపోతది."

"అందరికి ఒక్కనాడే అంటె ఎట్లయితది?"

"నువ్వు మమ్ముల ఒక్కపారే పిలుస్తివి గద," అని చిన్నాయన నవ్వాడు. మిగిలినవాళ్ళూ నవ్వారు. మామ చుట్ట తీసి, "ఏమయ్య లెక్కల పంతులూ. తొమ్మిది చెలకలు, ఒక్క గొర్రు, నాలుగొద్దుల పదును. జెప్పు మల్ల," అన్నాడు.

మధ్యాహ్నానికి మిగిలిన అయిదుగురూ వచ్చి పోయారు. ఉత్తగా కూర్చున్న పూటలు పోను తొమ్మిది మందివి మూడేసి రోజులు. ఇరవై ఏడు రోజులు నా నెత్తి మీద ఉన్నాయి. మాకున్న ఎర్ర చెలకలకు ఆ నాలుగైదు రోజులే ఏడాదంతా. పదును అంటే ఆ తడి, గింజ అందులోనే పడాలి. ఎండాకాలం రోజు, విత్తే రోజు కాగితం మీద ఒకే అంకె. అవి రెండూ ఒకటి కావని అన్నదమ్ముల్లో పెద్దాయనకు తెలుసు, బాపుకు తెలుసు, అరుగు మీద కూర్చున్న నలుగురికీ తెలుసు.

లోపలికి వెళ్ళి బాపును అడిగాను. "మొదలు మన చెలక ఇత్తుకోని పోత. ఒక్క రెండొద్దులు."

"నువ్వు పిలిసినప్పుడు వాళ్ళల్ల ఎవ్వడన్న వాన పడ్డంక వస్తనన్నడా?" అన్నాడు బాపు. గొంతులో కోపం లేదు. అందుకే పోయి ఎడ్లను విప్పాను.

నాలుగు రోజులు నాలుగు ఇళ్ళకు పోయాను. నేను గొర్రు తోలాను, అమ్మ వెనక గింజలు పోసింది. తెల్లవారకముందు మొదలుపెట్టి, పొద్దు గుంకేదాకా ఆగలేదు. ఎడ్ల మెడల మీద కాడి ఒరిసిన చోట వెంట్రుకలు పోయాయి. పోతూ వస్తూ మా చెలక పక్కనుంచే నడిచేవాళ్ళం. తడి ఎంత లోతున ఉందో వంగి చూడాలనిపించేది, చూసేవాణ్ణి కాదు. అయిదో రోజు ఎండ కాచింది. ఆరో నాటికి మట్టి చేతిలో పొడిపొడిగా రాలింది. ఎడ్లు అందని అయిదు ఇళ్ళవాళ్ళు ఎట్లాగో విత్తుకుని, తమ రోజులను కలుపు తీతకు, గడ్డి కోతకు ఉంచుకున్నారు.

మళ్ళీ వాన పడేసరికి ఇరవై రోజులు దాటింది. బాపు కర్ర పట్టుకుని చెలకదాకా వచ్చాడు. మట్టి తీసి పిసికి చూశాడు.

"జొన్నకు పొద్దు దాటింది. ఆముదాలు ఎయ్యి."

వేశాను. ఆముదం మొలిచింది, కాసింది. కానీ ఆముదం చెట్టును ఎద్దు ముట్టదు. జొన్న లేకపోతే ఇంట్లో గటక లేదు, కొట్టంలో చొప్ప లేదు. అంత కష్టపడి లేపిన కొట్టంలో ఎడ్లవైపు నిండుగా ఉంది, మేతవైపు ఖాళీగా ఉంది. ఒకరికి కలుపు, ఒకరికి కంచె, ఒకరికి గడ్డి కోత అంటూ, మిగిలిన రోజులు తీర్చేసరికి బతుకమ్మ పండుగ వచ్చింది. ఆ మధ్య నేను గ్రంథాలయానికి పోలేదు. పుస్తకం తెరిస్తే రెండో వరసకే కళ్ళు మూతలు పడేవి.

దీపావళి దాటాక ఎడ్ల పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు తేలాయి. "ఒకదాన్ని అమ్మి ఇంకోదాన్ని మేపుకుందం," అన్నాడు బాపు. ఒక ఎద్దుతో సేద్యం కాదని ఆయనకు నేను చెప్పాలా. గడిలో జీతానికి మనుషులు కావాలని ఆ వారమే అడుగుతున్నారు. అమ్మ ఆ పొద్దు కొత్త ఎద్దుకు కుడితి పెట్టి, నా వైపు చూడకుండా ఇంట్లోకి పోయింది. తన కడియాలతో వచ్చిన ఎద్దు అది. దాన్నే అంగడికి తోలుకుపోతున్నాను.

దారిలో చిన్నాయన చెలకలో జొన్న కోస్తున్నారు. నా తల కన్నా ఎత్తుగా ఉంది పంట. ఆయన గట్టు మీదికి వచ్చి ఎద్దును చూశాడు, నన్ను చూశాడు.

"యాడికి?"

చెప్పాను. ఆయన ఎద్దు దగ్గరికి వచ్చాడు. ఎద్దు మెడ మీద, వెంట్రుకలు పోయిన చోట చెయ్యి పెట్టాడు.

"గీ చేను ఇత్తింది గిదే గదరా. గిది ఇత్తిన చేను చొప్ప గిది తినకుంటె ఎవడు తింటడు? కట్టేసి కొడవలి అందుకో."

"మల్ల బదులా చిన్నాయన?" అన్నాను. నిజంగానే ఓపిక లేక అడిగాను.

"బదులు లేదు, ఏం లేదు. కోసిన కాడికి కట్టుకపో."

మూడు రోజులు కోశాను, కోసిన చొప్ప కట్టుకుపోయాను. ఆ మాట మామకు తెలిసి ఆయనా పిలిచాడు. తొమ్మిది ఇళ్ళల్లో ఏడు ఇళ్ళవాళ్ళు పిలిచారు. ఒకాయన ఇవ్వలేదు, ఆయనకు నాలుగు బర్రెలున్నాయి. ఇంకొకాయన పంటే సరిగా రాలేదు. కొట్టంలో మేతవైపు సగం నిండింది. ఆ సగంతో రెండు ఎడ్లూ ఎండాకాలం దాటాయి, చిక్కిపోయి గానీ దాటాయి. నేను గడి మెట్లు ఎక్కలేదు. ఆ కొట్టం ఆ తరువాత చాలా ఏళ్ళు నిలబడింది. కప్పు ఎన్నిసార్లు మారినా నిట్టాడు మారలేదు. పెద్దవాడు షెడ్డు వేసేటప్పుడు దాన్ని పెకిలిస్తే, కాల్చిన అడుగు ఇంకా నల్లగానే ఉంది.

పేర్లు రాయడం లేదు, వాళ్ళ పిల్లలు ఇంకా ఊళ్ళో ఉన్నారు. ఎవరి మాట ఎవరిదో వాళ్ళకే తెలుస్తుంది. పన్నెండు మందికి గటక వండి, మగవాడితో సమానంగా విత్తి, అరరోజు లెక్కకు ఒప్పుకున్న మా అమ్మకు మొక్కుతున్నాను. నన్ను తిట్టని మా బాపుకు. ఎద్దు మెడ మీద చెయ్యి పెట్టిన చిన్నాయనకు. నన్ను ఆటపట్టించి, తరువాత చొప్ప ఇచ్చిన మామకు, మిగిలిన ఇళ్ళవాళ్ళకు, ఇవ్వలేకపోయిన ఇద్దరికి కూడా, వాళ్ళూ గుంజలు మోశారు. గుంతలో నుంచి ఆకాశం చూసిన పెద్దాయనకు, ఆయన తమ్ముడికి. గుంజ తిప్పి కాల్పించిన వడ్లాయనకు, కమ్మలు కోసిన గౌండ్లాయనకు. చివరగా గ్రంథాలయం చూసుకునే పెద్దమనిషికి. మరుసటి ఏడు ఆ లెక్కల పుస్తకం మళ్ళీ అడిగి తీసుకుని, ఆ లెక్క పక్కన పెన్సిలుతో "ఏ కార్తెలో?" అని రాశాను. ఆయన చూశాడు. పుస్తకాల మీద రాయకూడదని గోడకు అంటించిన కాగితం ఆయన రాసిందే. చూసి, పుస్తకం మూసి, మళ్ళీ బీరువాలో పెట్టాడు.