వేళ్ళన్నీ ఉన్నవాడు

ఒహాయో రాష్ట్రంలోని లైమా ఊరి రైలు యార్డులో పని అడగడానికి వెళ్ళినవాణ్ణి పేరూ ఊరూ ముందు అడిగేవారు కారు. "చేతులు చూపించు" అనేవారు. వేలో రెండు వేళ్ళో లేకపోతే అనుభవమున్న మనిషని లెక్క. అన్నీ ఉన్నాయా, వాడు నిన్నగాక మొన్న పొలం వదిలొచ్చిన పచ్చివాడన్నమాట. ఎంత దిక్కుమాలిన లెక్కో చూడండి! ఒహాయోలో ఆ రోజుల్లో దానికి ఎదురు చెప్పినవాడే లేడు.

ఎలియాస్ ప్రాసర్ అక్కడికి వచ్చేనాటికి స్క్రాంటన్ యార్డులో ఏళ్ళ తరబడి వ్యాగన్లు కలిపినవాడు. ఒక వ్యాగన్ నిలబడి ఉంటుంది, ఇంకొకటి దొర్లుకుంటూ మీదికొస్తుంది. నడుమ నిలబడ్డ మనిషి వేలాడే ఇనుప లంకెను ఎత్తి, ఎదుటి వ్యాగన్ నోట్లోకి దూర్చి, పైనుంచి సీల వెయ్యాలి. రెప్పపాటు ఆలస్యమైతే చెయ్యి నుజ్జే. ఎలియాస్ ఆ లంకెను చేత్తో కాక మూరెడు కర్రతో ఎత్తేవాడు. అది భార్య వినీ పెట్టిన షరతు. ఆమె తండ్రి కూడా రైల్వేవాడే, చివరికి వేళ్ళు పోయి చొక్కా గుండీ పెట్టుకోలేక కూతుర్ని పిలిచేవాడు. అందుకని వినీ కూడా రోజూ రాత్రి భోజనానికి ముందు "ఏదీ, చేతులు చూపించు" అనేది. బల్ల మీద రెండు చేతులూ పరిస్తేగాని చిక్కుడుగింజల సూపు వడ్డించేది కాదు.

స్క్రాంటన్‌లో పని పోయి లైమా వస్తే, యార్డు మేస్త్రీ మెక్‌గర్టీ ఆ చేతుల్ని తిరగేసి మరగేసి చూశాడు. మేస్త్రీ కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలే మిగిలాయి.

"ఏరా, పియానో వాయిస్తావా?"

"లేదండీ. చాలా ఏళ్ళుగా వ్యాగన్లే కలుపుతున్నా. కర్రతో కలుపుతా, అందుకే దెబ్బ తగల్లేదు."

"రండ్రోయ్, రండి!" అని మేస్త్రీ అందర్నీ కేకేశాడు. "వీడు వ్యాగన్ని పుల్లతో పొడుస్తాట్ట!"

నవ్వులయ్యాక కళ్ళు తుడుచుకుని, "సరే, మంచు కరిగేదాకా రోజుకూలికి రా. పనికొస్తే పర్మినెంటు చేస్తా, లేకపోతే పో. ఆ కర్ర మాత్రం పొయ్యిలో పెట్టు" అన్నాడు.

చలికాలం నడిబొడ్డున ఇంకెక్కడికి పోతాడు? ఇంట్లో బొగ్గు అడుగంటింది. వినీకి చెప్పే ధైర్యం లేక, పొద్దున్నే కర్ర చంకలో పెట్టుకుని బయల్దేరి, గేటు పక్క కంచెలో దాచి, సాయంత్రం మళ్ళీ చంకన పెట్టుకుని ఇంటికొచ్చేవాడు. మంచు కరిగేలోపు ఉద్యోగం ఖాయమైతే చాలనుకున్నాడు పాపం.

మంచు కరగడం మొదలవకముందే, ఒక పొద్దున తడి చేతితొడుగు ఇనుప లంకెకు అంటుకుపోయింది. వ్యాగన్ ఆగలేదు. చూపుడువేలూ నడిమివేలూ పోయాయి.

మెక్‌గర్టీ వచ్చి, సారా సీసా సగం గాయం మీదా సగం ఎలియాస్ నోట్లోనూ ఒంపాడు. "ఇప్పుడయ్యావురా రైల్వేవాడివి! గాయం మానగానే వచ్చెయ్, పర్మినెంటు" అన్నాడు. తోటివాళ్ళు వీపు తట్టారు. ఎలియాస్‌కు ఆ క్షణాన నొప్పికన్నా ముందు సంతోషమే వచ్చింది. ఛీ, అలాంటి సంతోషం పగవాడికి కూడా వద్దు.

ఆ రాత్రి అతను ఎడమచెయ్యి ఒక్కటే బల్ల మీద పెట్టాడు.

"రెండోది?" అంది వినీ.

"ఉద్యోగం ఖాయం చేశారే!"

ఆమె గుడ్డ చుట్టిన చేతిని చూసింది. తర్వాత గోడకు ఆనించిన కర్రను తీసి దీపం దగ్గర తిప్పి చూసింది. "దీని మీద కొత్త గీత ఒక్కటీ లేదేం? ఇన్నాళ్ళూ దీన్ని నాకు చూపించడానికి మోసుకొచ్చావా?" అని దాన్ని పొయ్యిలోకి తోసేసింది. మళ్ళీ ఎప్పుడూ చేతులు చూపించమని అడగలేదు.

ఏళ్ళు గడిచాయి. మనుషులు నడుమ దూరి వ్యాగన్లు కలపకూడదని వాషింగ్టన్‌లో చట్టం చేశారు, యార్డుకు కొత్త కొక్కేలొచ్చాయి. రెండు చేతులు వేళ్ళు ముడిచి ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు, వ్యాగన్లు వాటంతటవే కలుసుకునేవి. విడదియ్యాలంటే పక్కన నిలబడి కడ్డీ లాగితే చాలు. ఆ కొక్కేన్ని కనిపెట్టి చాలా కాలమైందట! కొనడానికి కంపెనీలకు చేతులు రాలేదు. వేళ్ళున్నవాళ్ళు ఊరికే దొరుకుతుంటే ఎందుకు కొంటారు, వాళ్ళ మొహం మండ!

మెక్‌గర్టీ అందర్నీ వరసలో నిలబెట్టాడు. "చేతులు చూపించండి."

ఎలియాస్ కుడిచెయ్యే ముందు చాపాడు, దర్జాగా.

"నువ్వు పక్కకు నిలబడు" అన్నాడు మేస్త్రీ. "కడ్డీకి గట్టి పట్టు కావాలట. వేళ్ళన్నీ ఉన్నవాళ్ళనే ఉంచుకోమని పైనుంచి రూలు."

"మరి నీ చెయ్యో?"

"రూలు మేస్త్రీలకు కాదు."

"ఎడంచేత్తో లాగుతా మేస్త్రీ. కావాలంటే పట్టు చూడు."

"పోరా, పో."

"అన్నీ ఉన్నప్పుడు పనికిరానన్నావు! కర్ర పారెయ్యమన్నది నువ్వు కాదూ?"

"కర్రేగా పారెయ్యమన్నాను," అన్నాడు మెక్‌గర్టీ. "వేళ్ళు నేనడిగానా?"

వరసంతా గొల్లుమంది. వేళ్ళన్నీ ఉన్న కొత్తవాళ్ళు మరీ పగలబడి నవ్వారు.

ఎలియాస్ పెందరాళే ఇంటికొచ్చి, ఎవరూ అడక్కుండానే రెండు చేతులూ బల్ల మీద పరిచాడు.

"ఇవాళ యార్డులో చూశారు వినీ. ఇవి చాలవట."

వినీ గిన్నెలో సూపు పోసింది.

"నా కర్ర పట్టుకుని ఉంటే చాలేవి" అని, సూపు గిన్నె అతని ముందుకు తోసింది.